తెర మీద కనపడే పోలీసు

(క్రోసూరు ఎస్సీ కాలనీలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ మేం మాట్లాడేది కూలి రేట్ల సంగతి కాదు, శ్మశానం స్థలం సంగతీ కాదు. వాటికి ఇంకో రోజు కూర్చుందాం. ఇవాళ కంప్యూటరు సంగతి. మిరప కోతలకు పోయే మాకెందుకయ్యా ఈ గొడవ అని వెనక కూర్చున్న అక్కలు అనుకుంటున్నారని మాకు తెలుసు. మీకే కావాలక్కా. డ్వాక్రా డబ్బు, ఉపాధి పని డబ్బు, పిల్లల స్కాలర్‌షిప్పు అన్నీ బ్యాంకు ఖాతాలోనే పడుతున్నాయి. ఆ ఖాతా దాకా పోయే దారుల్లో ఒకటి, మీరు ఇంట్లో బల్ల మీద గుడ్డ కప్పి పెట్టుకున్న ఆ కంప్యూటరు.

మన వాడల్లోకి కంప్యూటర్లు వచ్చిన తీరు మీకు తెలుసు. పట్నంలో ఆఫీసులు వాడి తీసేసినవి, తక్కువకు దొరికితే కొన్నవి. పిల్ల చదువుకుంటదని అప్పు చేసి కొన్నవి. హాల్‌టికెట్టుకూ మార్కులకూ నెట్ సెంటరు ముందు నిలబడే పని తప్పింది. ఇది చిన్న సంగతి కాదు. మన తాతలకు పలక దొరకలేదు, మన పిల్లలకు కంప్యూటరు దొరికింది. దాన్ని మళ్ళీ మూలన పడేయించేది ఏదైనా సరే, మనం దాని గురించి మాట్లాడాల్సిందే.

అసలు జరుగుతున్నదేంది? పరీక్షా ఫలితాల రోజు తీసుకోండి. పిల్ల గూగుల్లో వెతుకుద్ది. అందరికన్నా పైన వచ్చేది డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన కావచ్చు. దాని నెత్తిన సన్నటి అక్షరాలతో 'స్పాన్సర్డ్' అని ఉంటది. ఆ తొందరలో అదెవరు చూస్తారు? నొక్కితే ఒక పేజీ. దాంట్లో ఆకుపచ్చగా 'డౌన్‌లోడ్' అని నాలుగైదు చోట్ల ఉంటది. చాలావరకు అవన్నీ ప్రకటనలే. కొత్త సినిమా ఊరికే చూపిస్తామనే సైట్లయితే ఇంకా ఘోరం. ఊరికే ఎవడూ ఏదీ పెట్టడు. మనం నొక్కిన నొక్కుకు వాడికి ఎక్కడో పైసలు పడతాయి. అట్టా నొక్కుతుండగా ఒక చిన్న పెట్టె వస్తది. "మీరు రోబో కాదని రుజువు చేసుకోండి, 'అలౌ' నొక్కండి" అంటది. పిల్లవాడు నొక్కుతాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. మన తాతల చేత కరణాలు కాగితాల మీద వేలిముద్రలు వేయించారు. దాంట్లో ఏం రాసి ఉందో వాళ్ళకు తెలియదు, చదువు రాదు గనక. ఇప్పుడు ఇంటరు, డిగ్రీ చదివిన మన పిల్లలు చదవకుండా 'అలౌ' నొక్కుతున్నారు. అదీ వేలిముద్రే. "నా కంప్యూటరు మీద నువ్వు ఎప్పుడంటే అప్పుడు కాగితం అంటించుకోవచ్చు" అని ఆ సైటు వాడికి రాసిచ్చినట్టు. ఇక ఆ రోజు నించి తెర కుడి పక్క కింద మూలన మొదలవుతది. మీ కంప్యూటరులో ఐదు వైరస్‌లున్నాయి, మీకు బహుమతి తగిలింది, ఈ బొమ్మ చూడండి. సినిమా పేజీ మూసేసినా అవి ఆగవు. షాపుకు మోసుకుపోతే ఫార్మాట్ కొట్టాలి, ఇంత అవుద్ది అంటారు.

చాలాసార్లు అది వైరస్ కానే కాదు, మనం ఇచ్చిన అనుమతి. కరణం దగ్గర వేసిన వేలిముద్ర వెనక్కి రాలేదు గానీ ఇది వస్తది. క్రోమ్ బ్రౌజరులో కుడి పక్క పైన మూడు చుక్కలుంటాయి. అవి నొక్కి సెట్టింగ్స్‌లోకి పోండి. ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, దాంట్లో సైట్ సెట్టింగ్స్, దాంట్లో నోటిఫికేషన్స్. మనం అనుమతిచ్చిన సైట్ల పేర్లన్నీ వరసగా కనపడతాయి. తెలియని పేరు ప్రతిదీ తీసేయండి. ఇకమీదట ఏ సైటూ అడగకుండా చేసే వీలు కూడా అక్కడే ఉంది. అయినా ఆగకపోతే ఎక్స్‌టెన్షన్స్ చూడండి, మీరు పెట్టనివి కనపడితే వాటినీ పీకేయండి.

ఇంకో రకం ఉంది. మూలన కూర్చోదు, తెర మొత్తం ఆక్రమిస్తది. ఎర్రగానో నీలంగానో నిండిపోయి సైరను మోగిస్తది. "మీ కంప్యూటరుకు తాళం పడింది. ఆపితే సమాచారం మొత్తం పోతది. వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి." పక్కన మైక్రోసాఫ్ట్ గుర్తు. తాము చూపే హెచ్చరికల్లో ఫోను నంబరు ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్ట్ కంపెనీయే చెబుతోంది. నంబరు ఉందంటే దొంగ, అంతే. ఫోన్ చేశామా, ఎనీడెస్క్ లాంటిది ఏదో మన చేతనే పెట్టిస్తాడు. ఇంటి తాళంచెవి వాడి చేతికిచ్చినట్టే. చూడ్డానికి అంత భయంకరంగా ఉన్నా అది ఒట్టి వెబ్ పేజీ. ఎస్కేప్ మీట నొక్కి పట్టుకోండి, తెర మామూలు సైజుకు వస్తది, మూసేయండి. లేదంటే ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కండి. అదీ కాకపోతే కంప్యూటరు ఆరిపోయేదాకా పవర్ బటన్ నొక్కిపట్టండి. ఆపితే అన్నీ పోతాయని వాడంటాడు. ఆపితే పోయేది వాడే. మళ్ళీ వేసినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనండి.

మూడో రకం పోలీసు తెర. దీని గురించి నిదానంగా చెప్పాలి. 2023 సెప్టెంబరులో కేరళలోని కోళికోడ్‌లో ఒక 16 ఏళ్ళ పిల్లవాడు లాప్‌టాప్‌లో సినిమా చూస్తున్నాడు. తెర మీద జాతీయ నేర రికార్డుల బ్యూరో పేరుతో నోటీసు వచ్చింది. 33,900 రూపాయలు కట్టు, లేకపోతే అరెస్టు అని. దొంగ నోటీసు. ఆ బిడ్డ నిజమనుకున్నాడు. భయపడి ప్రాణం తీసుకున్నాడు. పక్క గదిలోకి పోయి "అమ్మా, ఇట్టా వచ్చింది" అని ఒక్క మాట చెప్పగలిగే ధైర్యం మన ఇళ్ళల్లో పిల్లలకు ఉందా? ఇది ఇక్కడున్న తల్లిదండ్రులందరినీ అడుగుతున్నాం.

పోలీసంటే మన వాడల్లో భయం ఊరికే రాలేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసినవాళ్ళం. లాఠీ ఎవరి వైపు లేస్తదో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ పాత భయాన్నే ఈ దొంగ కొత్తగా వాడుకుంటున్నాడు. కాబట్టి చట్టం ఏమంటోందో వినండి. కంప్యూటరు తెర మీదో వీడియో కాల్లోనో అరెస్టు చేయడమనేది మన చట్టంలో ఎక్కడా లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షను కింద హాజరు కమ్మని ఇచ్చే నోటీసును పోలీసులు వాట్సాప్‌లోనో మరో ఎలక్ట్రానిక్ దారిలోనో ఇస్తే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. కాగితం పట్టుకుని మనిషి రావాలి. తెర మీద మూడు సింహాల ముద్ర చూసి డబ్బు కట్టాల్సిన పని ఎవరికీ లేదు.

ఇక ఆడపిల్లల సంగతి. చదువుకుంటుంటే మూలన ఒక బూతు బొమ్మ వచ్చిపడుద్ది. అప్పుడే నాయన వస్తాడు. "ఇదా నువ్వు చూసేది" అని తిట్టి వైరు పీకేస్తాడు. అన్నా, ఆ బొమ్మను పిల్ల పిలవలేదు. తమ్ముడు నెల కిందట సినిమా కోసం నొక్కిన 'అలౌ' అది! తమ్ముడికి ఫోను ఉంటది, అక్కకు కంప్యూటరు పోతది. ఇంతకంటే అన్యాయం ఉందా? ఒక్కసారి తిట్టు తిన్న పిల్ల రెండోసారి మనకు చెప్పదు. దొంగకు కావాల్సింది అదే.

తెర అవతల ఉన్నది ఎవరో కూడా తెలుసుకోండి. 2025 మేలో అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో ఒక దొంగ కాల్ సెంటరును పోలీసులు పట్టుకున్నారు. అక్కడ కూర్చుని అమెజాన్ పేరు చెప్పి అమెరికాలోని వాళ్ళను ముంచుతున్నారు. 30 మందికి పైగా అరెస్టయ్యారు. ఫోను మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది ఈశాన్య రాష్ట్రాల నించి ఉద్యోగమని వచ్చిన కుర్రాళ్ళు. 2024 మేలో బయటపడిన కథ ఇంకోటి. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి విశాఖ చుట్టుపక్కల యువకులను కంబోడియా పంపారు. పాస్‌పోర్టులు లాక్కుని ఇట్టాంటి మోసాలే చేయించారు. వాళ్ళలో చాలామంది అక్కడ తిరగబడ్డారు. వెట్టి అంటే పొలంలోనే ఉంటదా? కంప్యూటరు ముందు కూడా ఉంది. రేపు మన పిల్లల తెర మీద "విదేశీ ఉద్యోగం, అనుభవం అక్కర్లేదు" అనే ప్రకటన వస్తే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

డబ్బు పోయిందనుకోండి. ఏడుస్తా కూర్చోవద్దు, ముందు 1930కి ఫోన్ చేయండి. వెంటనే చేస్తే ఆ డబ్బు దొంగ ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం ఉంది. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. బ్యాంకుకూ చెప్పండి, చెప్పినట్టు నంబరు తీసుకోండి. ఓటీపీ మనమే చెప్పేసి ఉన్నా సరే, ఫిర్యాదు చేసిన తరవాత పోయిన డబ్బుకు బ్యాంకుదే బాధ్యత అని రిజర్వు బ్యాంకు 2017 జూలై ఉత్తర్వులో ఉంది. స్టేషనుకు పోతే "మా పరిధి కాదు" అని తిప్పి పంపకూడదు. 2024 జూలై 1 నించి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. తీసుకోకపోతే మాకు కబురు చేయండి, పదిమందిమి కలిసి పోదాం.

ముందుజాగ్రత్త మాట రెండు ముక్కలు. ప్రకటనలను ఆపేసే సాధనాలు ఊరికే దొరుకుతాయి. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు పెట్టుకుని దాంట్లో యుబ్లాక్ ఆరిజిన్ వేసుకోండి. ఇట్టాంటివి వాడమని అమెరికా ఎఫ్‌బీఐ వాళ్ళే 2022 డిసెంబరులో జనానికి చెప్పారు. ప్రభుత్వ సైటు పేరు గూగుల్లో వెతక్కుండా నేరుగా కొట్టండి. చాలా ప్రభుత్వ సైట్ల పేరు చివర డాట్ జీఓవీ డాట్ ఇన్ ఉంటది, మధ్యలో ఉంటే లెక్క కాదు. మన పాత కంప్యూటర్లలో చాలావాటిలో విండోస్ 10 ఉంది. దానికి మామూలుగా వచ్చే రక్షణ మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. వాటికి ఊరికే దొరికే లినక్స్ ఎక్కించుకోవచ్చు, మేం ఎక్కించి పెడతాం.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఇదే చోట కూర్చుందాం. లాప్‌టాప్‌లు ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. పెద్ద కంప్యూటరు ఉన్నవాళ్ళు కబురు చేస్తే ఇంటికే వస్తాం. కరెంటు పోతే నల్లబల్ల మీద బొమ్మ గీసి నేర్పుతాం. ఆడపిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టండి. మీట నొక్కేది వాళ్ళే, మేం పక్కన నిలబడతాం.