సల్సా: వలస వాడల ఉమ్మడి గొంతు

ప్యూర్టోరికో ప్రజలు 1917 నుంచే అమెరికా పౌరులు. అయినా బతుకుతెరువు కోసం న్యూయార్క్ చేరినవారికి ఇరుకు ఇళ్లు, చాలీచాలని జీతాలు, చిన్నచూపు ఎదురయ్యాయి. ఈస్ట్ హార్లెమ్, సౌత్ బ్రాంక్స్ వాడల్లో వారి బోంబా, ప్లేనా, క్యూబా వారి సోన్, మాంబో, అమెరికా జాజ్ సంగీత రీతులు కలిసి సల్సాగా ఎదిగాయి.

1964లో డొమినికన్ సంగీతకారుడు జానీ పచేకో, న్యాయవాది జెర్రీ మసూచీ ఫానియా రికార్డ్స్ అనే రికార్డింగ్ సంస్థను స్థాపించారు. క్యూబా విడిచి వచ్చిన సీలియా క్రూజ్, బ్రాంక్స్ బిడ్డ విల్లీ కొలోన్, పనామాకు చెందిన రూబెన్ బ్లేడ్స్ వంటి సల్సా కళాకారులు ఆ సంస్థ గొడుగు కిందికే చేరారు.

ఈ సంగీతానికి ఆధారం క్లావే, అంటే ఐదు దెబ్బల లయ. వాద్యగాళ్లంతా దానికి కట్టుబడతారు. దేశాలు వేరైనా ఆ లయకు అడుగు కలిపినవారు తమను ఒకే సమాజంగా గుర్తించుకున్నారు. వివక్ష మధ్య తలెత్తుకు నిలిచే ధైర్యం సల్సా వారికిచ్చింది.