చెప్పాల్సినవి

పట్టాలు పుచ్చుకున్న పిల్లలకు అభినందనలు. వెనక వరుసల్లో చీరకొంగుతో విసురుకుంటున్న అమ్మలకు, ఫోనెత్తి ఫొటోలు తీస్తున్న నాన్నలకు ఇంకాస్త ఎక్కువ అభినందనలు. ఆ పట్టాల్లో వాళ్లు కట్టిన వాయిదాలు చాలా ఉన్నాయి.

ఇలాంటి సభల్లో ఆకాశాన్ని అందుకోమని చెప్పడం ఆనవాయితీ. నేను బ్యాంకు కౌంటరు వెనక ముప్పై రెండేళ్లు కూర్చున్నదాన్ని. నాకు నెలాఖరు సంగతి తెలుసుగానీ ఆకాశం సంగతి తెలీదు.

మా పెళ్లి 1991లో. విజయవాడ సత్యనారాయణపురంలో రెండు గదుల వాటా. నేను బ్యాంకులో గుమాస్తాని, మావారు ఓ ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. ఆయన జీతం ఇరయ్యో తారీఖు దాటితేగానీ చేతికొచ్చేది కాదు. అద్దె మాత్రం ఐదో తారీఖుకి ఠంచనుగా అడిగేవారు. పచారీ కొట్లో ఖాతా, పాలకి ఖాతా, పిల్ల పుట్టాక మందుల షాపులోనూ ఖాతా. నా నానుతాడు ఒకే ఏడాదిలో మూడుసార్లు తాకట్టుకు వెళ్లొచ్చింది.

అయినా లోటు అనిపించలేదు. లోటు అనిపించిన రోజు వేరే ఉంది.

మా వీధిలో ఒకావిడ దగ్గర నెలకు ఐదొందల చీటీ వేశాను, మావారికి చెప్పకుండా. పాట పాడి ఒకేసారి ఫ్రిజ్ తెచ్చి ఆశ్చర్యపరచాలని. బ్యాంకులో పనిచేస్తూ వీధి చీటీ ఏమిటంటారా? చీటీ పాట రోజు కబుర్లు బాగుండేవి మరి. చిట్‌ఫండ్ల చట్టం మన రాష్ట్రానికి 1971లోనే వచ్చిందని నాకు తెలుసు. ఆవిడ చీటీ రిజిస్టరైందా అని మాత్రం అడగలేదు. పదకొండు నెలలు కట్టాక ఆ ఇంటికి తాళం కనబడింది.

ఆ రాత్రి ఏడుస్తూ చెప్పాను. ఆయన అరవలేదు. కాసేపాగి, "నేనూ ఒకటి చెప్పాలి" అన్నారు. స్నేహితుడి అప్పుకి జామీను సంతకం పెట్టారట. వాడు కట్టడం మానేసి నాలుగు నెలలైంది, ఆ వాయిదా ఈయన జేబులోంచి పోతోంది. ఒకే గదిలో పడుకుంటూ ఇద్దరం రెండు దొంగ లెక్కలు రాసుకుంటున్నాం! ముందు నవ్వొచ్చింది, తర్వాత ఎంతసేపటికీ నిద్ర రాలేదు.

మర్నాడు పద్దుల పుస్తకం చివరి పేజీల్లో గీతలు గీసి, పైన "చెప్పాల్సినవి" అని రాశాం. నోటితో చెప్పలేనిది అందులో రాయాలి. రాసింది చదివినవాళ్లు ఆ రోజు అరవకూడదు. ఈ రెండో షరతు నాది. తెలివైన షరతనే ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు మీ అప్పులు మా అప్పుల్లా ఉండవు. కిరాణా కొట్టాయన మొహం చూస్తే మాకు సిగ్గేసేది, అదే మాకు కంచె. ఫోనుకి మొహం లేదు. చాలా క్రెడిట్ కార్డుల మీద వడ్డీ నెలకు 3 శాతం పైమాటే. "మినిమం డ్యూ" కడుతున్నాను కదా అనుకునేవాళ్లు, ఏడాదికి ముప్పయ్యారు శాతానికి మించి వడ్డీ కడుతున్నట్టు. మన ఊళ్లో మూడు రూపాయల వడ్డీ అంటే ఎవరైనా నోరు నొక్కుకుంటారే, అదే ఇది.

ఇల్లు కొంటారు, సంతోషం. 30 లక్షలు, ఇరవై ఏళ్లు, 8.5 శాతం అనుకోండి. నెలకు దాదాపు 26 వేలు. మొదటి వాయిదాలో 21,250 రూపాయలు వడ్డీకే పోతాయి, ఐదు వేలైనా అసలుకి జమ కాదు. వాయిదాలో సగం అసలుకి చేరడానికి దాదాపు పన్నెండేళ్లు పడుతుంది. కౌంటరు దగ్గర ఈ లెక్క రాసిన కాగితం చూపిస్తే చాలామంది భర్తలు, "ఇంట్లో చెప్పకండి మేడమ్" అనేవారు. కొందరు భార్యలు బంగారం కుదువపెట్టి అదే మాట అనేవారు. నాకు భయం వేసింది అంకెలకు కాదు, ఆ మాటకు.

మా పుస్తకం ఇంకా ఉంది, ఇది ఎన్నోదో లెక్క మరిచాను. ఇవాళ బయల్దేరేముందు తిప్పి చూస్తే చివరి పేజీలో మావారి రాత: "పుస్తకాలు, 1,140. అడిగితే చెబుతాను." బీరువాలో చోటు లేదని మొన్ననే ఒట్టు వేయించుకున్నాను. ఇంటికెళ్లి అడగాలి. ఇవాళ మాత్రం అరవకూడదు.