పిల్లల బరువు – ఇంటిల్లిపాది బాధ్యత
(రోగుల బంధువులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



మీలో చాలామంది షుగరు, బి.పి., పక్షవాతం, గుండెజబ్బు ఉన్న పెద్దవారికి తోడుగా ఇక్కడికి వచ్చారు. మంచం మీద ఉన్నవారి సంగతి డాక్టరుగారు మీకు చెబుతారు. నేను మీ ఇంటి దగ్గర ఉన్న పన్నెండు నుంచి పందొమ్మిదేళ్ల పిల్లల గురించి చెబుతాను. తాతగారికి యాభై దాటాక వచ్చిన షుగరు మనుమడికి పాతికేళ్లకే రాకూడదంటే మనం ఏమి చేయాలి? ఇదే ఈనాటి విషయం.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో నూటికి 31 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. టీనేజీలో పెరిగిన అధిక బరువు చాలామందికి పెద్దయ్యాక కూడా తగ్గకుండా ఉండిపోతుంది. అందుకే ఇప్పుడే చూసుకోవాలి.

“మావాడు తిండిపోతండీ, ఒళ్లు వంచడు” అని తల్లిదండ్రులు అంటుంటారు. తప్పంతా పిల్లవాడిదేనా? వంశపారంపర్యం కొంత ఉంటుంది. దానికి తోడు వాడి చుట్టూ ఉన్న జీవితం ఎలా మారిందో గమనించండి.

మన జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్లు. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా. వెనుకటి పిల్లలు బడికి నడిచి వెళ్లేవారు. సెలవుల్లో మిరపకోతకో, పత్తి తీయడానికో వెళ్లేవారు. ఆ కష్టం మళ్లీ రావాలని ఎవరమూ కోరము. కానీ ఒంటికి శ్రమ పోయింది, దాని బదులు ఆట రాలేదు. ఇంటి ముందుకే స్కూలు బస్సు వస్తుంది. పదో తరగతిలో ఆటల పీరియడు కూడా లెక్కల పీరియడు అవుతుంది. ఇంటర్‌కు హాస్టల్లో చేర్పిస్తే పొద్దుటి నుంచి రాత్రి దాకా కూర్చుని చదవడమే.

ఆడపిల్ల పెద్దమనిషి కాగానే సున్నుండలు, చిమ్మిలి ముద్దగా పెడతాము. పెట్టడం తప్పు కాదు. ఆ రోజు నుంచే ఆట మానిపించడం తప్పు.

ఇక తిండి సంగతి. కోతల రోజుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ పొలంలోనే ఉంటారు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవారికి షిఫ్టులు. బడి నుంచి వచ్చిన పిల్లవాడి చేతిలో పది రూపాయలుంటాయి. దానితో అరటిపండూ కొనుక్కోవచ్చు, చిప్సు ప్యాకెట్టూ కొనుక్కోవచ్చు. కొట్టులో కంటికి ఎదురుగా వేలాడేది మాత్రం ప్యాకెట్టే. సాయంత్రం బండి దగ్గర పునుగులు, నూడుల్సు, ఫ్రైడ్ రైసు. ఒక 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర, అంటే ఆరేడు చెంచాలు ఉంటుంది. మన కాఫీలో అంత వేసుకుంటామా?

రాత్రి ఫోను చూస్తూ నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి.

వీటన్నిటికీ మించి బాధపెట్టేది మన మాట. పెళ్లిలో నలుగురిలో “ఏరా బండోడా” అంటే, ఆ పిల్లవాడు ఆటకు వెళ్లడమే మానేస్తాడు. చాటుగా తింటాడు. ఆడపిల్లయితే అన్నం మాని నీరసించిపోతుంది. వెక్కిరింపుతో ఎవరి బరువూ తగ్గదు.

ఇంట్లోనే ఒక సులువైన పరీక్ష చేయండి. పిల్లవాడి ఎత్తుకు సరిపడా దారం తెంపి సగానికి మడవండి. ఆ మడత నడుము చుట్టూ బొడ్డు దగ్గర చుట్టి రావాలి. రాకపోతే డాక్టరుకు చూపించండి. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా మారి ఎంత రుద్దినా పోకపోతే అది మురికి కాదు, షుగరు వచ్చే అవకాశానికి గుర్తు కావచ్చు. నెలసరి తప్పడం, గట్టిగా గురక, కొద్ది నడకకే ఆయాసం ఉన్నా చూపించండి. పెద్దల బరువు లెక్క పిల్లలకు పనికిరాదు. వయసును బట్టి డాక్టరుగారు చార్టు చూసి చెబుతారు. పస్తులు, బరువు తగ్గించే పొడులు వద్దు.

ఇంట్లో అందరూ కలిసి చేయవలసినవి నాలుగు:

1. రోజుకు గంటసేపు ఆట, సైకిలు, చురుకైన నడక. ఆడపిల్లకు కూడా. చీకటి పడుతుందనుకుంటే అమ్మో, అన్నో తోడు వెళ్లండి.

2. పళ్లెంలో సగం కూరలు, ఆకుకూరలు, మిగతా సగంలో అన్నం, పప్పు లేక గుడ్డు. దాహానికి నీళ్లు, పలుచని మజ్జిగ. పొలానికి వెళ్లే ముందే ఉడికించిన శనగలో, పండో డబ్బాలో పెట్టి వెళ్లండి.

3. రాత్రి తొమ్మిదికి ఫోన్లన్నీ ఒకచోట పెట్టాలి. అమ్మానాన్నల ఫోన్లు కూడా.

4. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని 2020లో ఆహార భద్రతా సంస్థ నియమం చేసింది. తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట అడగండి. ఆటల పీరియడు గురించి కూడా అడగండి.

ఒక్కరికే పథ్యం పెట్టి మిగతావారు బజ్జీలు తింటే అది శిక్షే అవుతుంది. పెద్దాయనకు డాక్టరుగారు చెప్పిన షుగరు భోజనంలో ఉన్నవి కూడా ఈ కూరలు, పప్పు, మజ్జిగే. కాబట్టి ఇంట్లో రెండు వంటలు అక్కరలేదు. మళ్లీ చూపించుకోవడానికి వచ్చేటప్పుడు పెద్దాయనతో పాటు పిల్లవాణ్ణి కూడా తీసుకురండి. ఎత్తు, బరువు చూడడానికి ఐదు నిమిషాలు చాలు.