ఆటలో చదువు - తల్లిదండ్రుల పాలు

శిశువు బడికి పోవుటకు ముందు నేర్చునది చాల వఱకు ఆటలోనే నేర్చును. ఈ మాటను కాదనువారు లేరు. కాని ఆ యాటలో తల్లిదండ్రులకును పని కలదనియు, ఆ పనిని వారికి నేర్పవచ్చుననియు తలంచువారు తక్కువ. "పిల్లలాటతో మనకేమి?" అందురు కొందఱు. "మాకే చదువు రాదు, బిడ్డకేమి నేర్పఁగలము?" అందురు మఱికొందఱు. ఈ రెండవ మాట యను తల్లుల కొఱకే నేఁడు ముఖ్యముగా మాటాడుచున్నాను.

వెస్టిండీసు దీవులలోని జమైకాలో 1986-87 సంవత్సరములలో నొక పరిశోధన ప్రారంభమైనది. కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో, తొమ్మిది నెలలు మొదలు రెండేండ్ల వఱకు వయసు గలిగి, ఎదుగుదల లేక గిడసబారిన 129 మంది శిశువులను శ్రీమతి సాలీ గ్రాంథం-మెక్‌గ్రెగర్ గారును, ఆమె సహచరులును ఎన్నుకొనిరి. వారిలో కొందఱి యిండ్లకు ఆరోగ్య కార్యకర్త వారమున కొకమాఱు పోయి గంటసేపు గడపెడిది. ఇట్లు రెండేండ్లు సాగినది. ఆమె తెచ్చినవి వెలగల బొమ్మలు గావు. పనికిరాని వస్తువులతో చేతఁ జేసినవి. ఆమె ముఖ్యోద్దేశము శిశువునకు పాఠము చెప్పుట గాదు; బిడ్డతో నెట్లు ఆడవలెనో, ఎట్లు మాటాడవలెనో తల్లికి చూపుట, ఆమె చేత చేయించుట, చేసినప్పుడు మెచ్చుకొనుట.

ఆ పిల్లలు 22 ఏండ్లవారైనప్పుడు విచారింపఁగా, ఇట్టి సాయము పొందనివారి కంటె వీరి సంపాదన నూటికి 25 వంతులు హెచ్చుగా నుండెను. ఈ ఫలితము 2014లో ప్రకటింపఁబడినది. ఈ పద్ధతినే పిమ్మట మన పొరుగుననున్న ఒడిశాలో, కటకపు పేదవాడలయందును అనుసరించిరి.

మన యిండ్లలో దీనికి వలయు సామగ్రి లేకపోలేదు. వంట చేయుచు బిడ్డకు రెండు గిన్నెలు ఇయ్యుఁడు. ఏది పెద్దది, ఏది చిన్నది యని యడుగుఁడు. ఒకదానిలో నొకటి పెట్టుమనుఁడు. తప్పినచో గిన్నె లాగికొనవలదు, మరల ప్రయత్నింపనిండు. కుదిరినప్పుడు "భళీ" యనుఁడు. నాలుగైదేండ్ల బిడ్డకు వామనగుంటలలో చింతగింజలు పంచుటయే లెక్క. మూడేండ్లు నిండని వారికి మాత్రము గింజలు, గవ్వలు ఇయ్యరాదు. గొంతున నడ్డుపడు ప్రమాదము కలదు. తండ్రులును ఇది ఆఁడువారి పని యని తొలఁగరాదు. సాయంకాలమున నొక పావుగంట బిడ్డతో కూర్చుండి, వాఁడు చూపినదానికి పేరు చెప్పి, అడిగినదానికి విసుగక బదులు చెప్పిన చాలును.

ఇది తల్లిదండ్రులకు తమంతట తోఁచకపోవచ్చును. తోఁచలేదని వారిని నిందించుట న్యాయము గాదు. చూపువారుండవలెను. అంగన్‌వాడీలో బిడ్డ బరువు తూఁచిన దినముననే కార్యకర్త తల్లికి ఒక యాటను కూడ చూపి, ఆమె చేత నాడించి పంపినచో, ఆ వారమంతయు ఆ యింట బడి జరుగును. అక్షరములు రాకున్నను ఆ తల్లికి మాటలు వచ్చును. బిడ్డకు మొదట కావలసినవి ఆ మాటలే.