ఆర్థిక మాంద్యం – ప్రభుత్వ ధర్మం

(పాఠశాల ప్లాటినమ్ జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

మధుర నాయకరాజుల కాలంనాటికే మన పూర్వులు ఈ సీమలో స్థిరపడ్డారని సగర్వంగా చెప్పుకుంటాము. వారు కత్తి పట్టిన కథలు మనకు తెలుసు. వారి సంతతిని అప్పు పట్టి పీడించిన కథ అంతగా తెలియదు.

1929లో అమెరికాలో విరుచుకుపడిన మాంద్యం కోయంబత్తూరు పత్తిచేలను, మధుర వరిపొలాలను కూడా తాకింది. 1933 నాటికి పంటల ధరలు సుమారు సగానికి దిగజారాయి. భూమిశిస్తు మాత్రం రూపాయలలో నిర్ణయమైనది. పది బస్తాలమ్మి శిస్తు చెల్లించిన రైతు అదే శిస్తుకు ఇరవై బస్తాలమ్మవలసి వచ్చింది. అప్పు సంగతీ అంతే. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని విడిచిన పిమ్మట బంగారం ధర పెరిగి, పల్లెపడుచుల నగలు కరిగి ఓడలెక్కాయి.

నాటి భారత ప్రభుత్వం రూపాయి విలువను ఒక షిల్లింగు ఆరు పెన్నీల వద్దనే బిగించి, జీతాలు కోసి, వ్యయం తగ్గించుకున్నది. రాబడి తగ్గినప్పుడు ఖర్చు తగ్గించుకోవడం గృహస్థుకు నీతి. ప్రభుత్వమూ అదే చేస్తే, ఒకరి పొదుపు మరొకరికి పస్తు అవుతుంది. 1936లో కీన్సు మహాశయుడు తన గ్రంథంలో వివరించిన సారాంశమిదే.

అయినా ఈ సీమలోనే మరొక మార్గమూ కనిపించింది. ముందే తలపెట్టిన పైకారా జలవిద్యుత్పథకం ఆగక 1932లో వెలుగునిచ్చింది. 1933లో బ్రిటిషేతర వస్త్రాలపై సుంకం నూటికి 75కు పెరిగింది. చౌక పత్తి, కొత్త విద్యుత్తు, సుంకపు రక్షణ – ఈ మూడూ కలిసి కోయంబత్తూరులో నూలుమిల్లులు వరుసగా వెలిశాయి. వాటిని నెలకొల్పినవారిలో తెలుగు నాయుళ్లు ముందువరుసలో నిలిచారు.

అప్పుల మాటకు వస్తే, 1935లో సత్యనాథన్ నివేదిక మద్రాసు రాజధానిలోని గ్రామీణ ఋణం సుమారు 200 కోట్ల రూపాయలని అంచనా కట్టింది. 1938లో రాజాజీ మంత్రివర్గం వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పులపై పేరుకొన్న వడ్డీ రద్దయింది. అసలుకు రెట్టింపు అప్పటికే చెల్లించినవారికి అప్పే తీరిపోయింది. ఎన్నో కుటుంబాలు ఊపిరి పీల్చుకొన్నాయి. కాని మాంద్యం మొదలై అప్పటికి తొమ్మిదేళ్లు!

ఇంకొక మాట. ఆ చట్టం దృష్టిలో వ్యవసాయదారుడంటే అమ్ముకొనే హక్కుగల భూమి ఉన్నవాడు. మన తెలుగు పలికే ఇళ్లన్నీ భూమి ఉన్న ఇళ్లు కావు. కపిల తోలుబానలు కుట్టి, పరుల పొలాలలో చెమటోడ్చిన అరుంధతీయుల ఇళ్లలోనూ తెలుగే పలికేది. సెంటు భూమి లేనివారికి ఆ చట్టం నీడ దక్కలేదు. మన చరిత్ర చెప్పుకొనేటప్పుడు మిల్లుల పేర్లతోపాటు వీరినీ తలచుకోవాలి.

2020లో మహమ్మారి వేళ ఋణ వాయిదాలు నిలిపారు, కార్డుదారులకు బియ్యం ఉచితంగా ఇచ్చారు. ఈసారి సాయం సంవత్సరాలు కాక వారాలలోనే కదిలింది. అయినా కార్డు లేని వలస కూలీల కోసం మే నెలలో వేరే ఏర్పాటు చేయవలసి వచ్చింది.

చిరంజీవులారా! మీలో రేపు అధికారులు, శాసనకర్తలు కాగలవారున్నారు. కష్టకాలంలో ఏ ఉత్తరువు వ్రాసినా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది ఎప్పటికి అందుతుంది? ఎవరికి అందకుండా పోతుంది? ఈ పాఠశాలలో నేర్చిన లెక్కలు ఆ రెండింటికీ జవాబు వెదకడానికి ఉపయోగపడితే, మా గురువృత్తి సార్థకమైనట్లే.

స్వస్తి.