వయ్యారిభామ
(సంఘ వార్షిక సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్యము చదివినవాడనని, ప్రబంధములను గూర్చి మాట్లాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. వయ్యారిభామను గూర్చి మాట్లాడెదనంటిని. ప్రబంధనాయికయే కాబోలునని వారు సంతోషముతో ఒప్పుకొనిరి.

ఆమె నాయిక కాదు. ఈ ఢిల్లీలో మన క్వార్టర్ల వెనుక నడుములోతున పెరుగు కలుపుమొక్క. ఆకు క్యారెట్టు ఆకును పోలును. పువ్వులు తెల్లని చుక్కలవలె నుండును. మనవైపు కొందరు కాంగ్రెస్ గడ్డి యందురు. ప్రభుత్వోద్యోగిని గనుక ఆ పేరు జోలికి నేను పోను.

దీని పుట్టిల్లు అమెరికాలోని ఉష్ణప్రాంతములు. మన దేశమున 1955 ప్రాంతమున పూనాలో గుర్తించిరి. దిగుమతియైన గోధుమలతో వచ్చెనని ప్రతీతి. ఒక్క మొక్క పదివేలకు మించి గింజలు రాల్చగలదు. మొలచిన నెల, నెలన్నరకే పూయును.

మా పెరటిలో ఏటేటా ఒట్టిచేతులతోనే పీకుచుంటిని. మూడేండ్ల క్రిందట భాద్రపదమున, నిండుగా పూచియున్న మొక్కలను పీకిన తరువాత, ముంజేతులు, మెడ, కనురెప్పలు దద్దురులెక్కి ఎఱ్ఱబారెను. పదునొకండు దినములు సెలవు పెట్టవలసివచ్చెను. ఇకమీదట ఎండిన ఆకుపొడి గాలిలో వచ్చి తగిలినను ఇట్లే కావచ్చునని వైద్యులు చెప్పిరి. అట్లే అయినది. ఇప్పుడు శ్రావణము వచ్చెననిన కిటికీలు మూసికొని పడుకొందును.

పూచిన పిదప పీకుట నా తప్పు. అంతకు ముందటి యేడు కొడవలితో కోయించుట మరియొక తప్పు; కోసిన మొదళ్ళు మరల చిగిర్చి పూచెను. వాన వెలిసిన మరునాడు, నేల మెత్తగా నున్నప్పుడు, పూతకు ముందే, చేతితొడుగులు వేసికొని వేరుతో సహా లాగవలెను. పూయని మొక్కను గోతిలో వేసి ఎరువు చేయవచ్చును. పూచినదానిని గోనెసంచిలో మూటగట్టవలెను, ఎరువులో కలుపరాదు. పీకిన నేలను బోసిగా విడిచినచో మరల అదియే మొలచును. అందుచే బంతియో, తగిరిసయో చల్లవలెను. తగిరిస మన పల్లెలలో వానలకు దానంతట అదే మొలచునది. లేత ఆకు కూర వండుకొందురు. 1984లో బెంగుళూరు ప్రాంతమున మెక్సికో దేశపు పెంకుపురుగును విడిచిరి. వానకాలమున అది ఈ ఆకు తిని బ్రతుకును. కాని పురుగు కొఱకు వేచియుండువారికి ముందు పువ్వే వచ్చును.

మా పెరడు నేడు శుభ్రముగనే యున్నది. గోడకావలి ఖాళీ స్థలమున మాత్రము ఛాతీలోతు. అర్జీ పెట్టితిని. ఒక కార్యాలయమువారు అది తమ పరిధిలోనిది కాదని వ్రాసిరి. రెండవవారు అర్జీని మొదటివారికే పంపితిమని వ్రాసిరి. కోపము వచ్చెను గాని, ఆ వాక్యములనే ఇరువదియేండ్లుగా నేను ఎందరికి వ్రాసితినో తలచుకొని మిన్నకుంటిని.

కావున మీకే మనవి. తొలకరి పడిన తరువాతి రెండవ ఆదివారము ఉదయము ఆరుగంటలకు ఇంటికొక్కరు ఆ స్థలమునకు రండు. ఉబ్బసమున్నవారు, పిల్లలు వలదు. నేను దానిని ముట్టజాలను. చేతితొడుగులు, గోనెసంచులు, బంతివిత్తులు నా వంతు. పని ముగిసిన పిదప కాఫీ మా ఇంట. కిటికీలు మూసియుండును, తలుపు తట్టుడు.