ఐదుగురు వైద్యుల వీడ్కోలు



మన పల్లెలలో ఇల్లు విడిచి ప్రయాణమగువాడు "పోవుచున్నాను" అనడు. "పోయివచ్చెదను" అనును. సాగనంపువారు చెఱువుకట్ట దాక, పొలిమేర దాక నడిచి, అతడు కనుమఱుగగు వఱకు నిలిచి యింటికి మఱలుదురు. ఇది మనమెఱిగిన వీడ్కోలు. పరదేశములో కలిసి సేవచేసినవారు ఒకరినొకరు విడుచుట వేఱు రీతి. అచ్చట తమ ఊరు లేదు, పొలిమేర లేదు, తోడివాడే ఊరు. అట్టి వీడ్కోలు కథ యొకటి నేడు మీకు విన్నవించెదను.

1937వ సంవత్సరమున జపాను చైనాపై దండెత్తెను. ఆ నవంబరులో చైనా సేనాని జూ డే నెహ్రూగారికి జాబు వ్రాసి, వైద్యులను, మందులను పంపుమని కోరెను. మఱుసటి యేడు కాంగ్రెసు అధ్యక్షులుగా నుండిన సుభాష్‌చంద్ర బోసుగారు ప్రజలను చందాలడుగగా 22,000 రూపాయలు కూడెను. తన పల్లెలకే వైద్యుడు చాలని పరాధీన దేశము పరులకు వైద్యులను పంపనేలయని ఆనాడు ఎవరైన అడిగియుండినచో వారిని తప్పుపట్టజాలము. అయినను ఐదుగురు బయలుదేరిరి.

నాయకులు అలహాబాదు వాస్తవ్యులైన అటల్‌గారు. ఆయన అంతకుముందే స్పెయిను యుద్ధములో గాయపడినవారికి చికిత్స చేసి వచ్చినవారు. నాగపురమునుండి వచ్చిన చోల్కర్‌గారు అందఱిలో పెద్ద. బసుగారు, ముఖర్జీగారు కలకత్తావారు. ఐదవవారు షోలాపురపు కోట్నీస్‌గారు; ఆయనకు అప్పటికి 28 ఏండ్లు నిండలేదు. షోలాపురము మన నేతపనివారెఱుగని యూరు కాదు. తెలుగు పద్మశాలీలు అచ్చట మగ్గములు పెట్టుకొని తరములుగా బ్రదుకుచున్నారు.

1938 సెప్టెంబరు 1వ తేదీని వీరు బొంబాయిలో ఓడ యెక్కిరి. ఒక సంవత్సరము పనిచేసి మఱలుటయే ఏర్పాటు. అనగా ఐదుగురును "పోయివచ్చెదను" అనియే పోయిరి. చైనావారు వీరిని తమవారిగా నెంచి, చైనా భాషలో వీరికిచ్చిన పేళ్ల చివర "హువా" అను మాట చేర్చిరి. హువా యనగా చైనాయే.

చుంగ్‌కింగ్ పట్టణమున నుండగా కోట్నీస్‌గారికి తండ్రి మరణవార్త అందెను. ఆయన ఇంటికి మఱలియుండినచో ఎవ్వరును తప్పనియుండరు. కర్మ చేయవలసిన కొడుకు కర్మభూమిని విడువలేదు. అది ఒప్పో తప్పో పెద్దలైన మీరు మీ మనస్సులలో తూచుకొనుడు. నాకు మాత్రము ఆ తల్లి జ్ఞప్తికి వచ్చును.

1939 ఫిబ్రవరి 12వ తేదీని వారు యెనాన్ చేరిరి. అచ్చట పసుపుమట్టి కొండలను తొలిచి గుహలు చేసి, జనులు వానిలోనే కాపురముండిరి, ఆసుపత్రులును గుహలలోనే. దిగ్బంధమువలన మందులు బహు కొఱత.

ఇక వీడ్కోళ్లు మొదలయ్యెను. మూత్రపిండముల వ్యాధిచే ముఖర్జీగారు మఱలవలసివచ్చెను. వృద్ధులైన చోల్కర్‌గారును ఆ 1939లోనే మఱలిరి. చర్మవ్యాధి పీడింపగా 1940లో అటల్‌గారు వెడలిరి. ఇట్లు వెడలినవారిని గూర్చి ఒకమాట చెప్పవలెను. లోకము ఉండిపోయినవానిని కొనియాడును, మఱలినవానిని మఱచును. ఇది న్యాయము కాదు. మందులు కొఱతగా నున్నచోట వైద్యుడే రోగియైనచో, ఒక సైనికునికి చేరవలసిన మాత్ర వానికి పోవును. అది తెలిసి లేచి వెడలుటకును గుండె కావలెను.

మిగిలినవారు ఇద్దఱు, బసుగారును కోట్నీస్‌గారును. ఇరువురును శత్రువు చుట్టుముట్టిన పర్వతప్రాంతమునకు పోయిరి. కెనడా దేశస్థుడైన బెథ్యూన్ అను శస్త్రవైద్యుడు అచ్చటనే పనిచేసి, 1939లో శస్త్రచికిత్సవేళ వ్రేలికైన గాయము విషమింపగా మరణించియుండెను. ఆ ఖాళీలో నిలిచినవారు మనవారు. కొంతకాలమునకు బసుగారికి యెనాన్‌లో పని యేర్పడెను. కోట్నీస్‌గారు అచ్చటనే నిలిచిరి. ఐదుగురి వీడ్కోళ్లలో ఇది కడపటిది. తక్కినవారు వెడలునపుడు వెనుక నిలిచినవారికి ఒకరికొకరు తోడుండిరి. ఈ మాఱు విడిపోయినపిమ్మట తన మాటలో తనతో కష్టసుఖములు చెప్పుకొనువాడు అచ్చట ఎవరికిని లేడు. వారిద్దఱు మఱల కలిసికొనలేదు.

కోట్నీస్‌గారు చైనా భాషను చక్కగా నేర్చి, ఆ భాషలోనే పాఠములు చెప్పిరి. 1941లో బెథ్యూన్ పేర వెలసిన ఆసుపత్రికి అధిపతులైరి. ఆ యేడే గువో చింగ్లాన్ అను చైనా వైద్యపరిచారికను పెండ్లాడిరి. 1942 ఆగస్టులో కొడుకు పుట్టగా "యిన్‌హువా" అని పేరిడిరి. యిన్ అనగా హిందూదేశము, హువా అనగా చైనా. ఆ బిడ్డకు నాలుగు నెలలైన నిండలేదు. మూర్ఛరోగము తిరుగబెట్టి, డిసెంబరు 9వ తేదీని, 32 ఏండ్ల ప్రాయమున తండ్రి కన్నుమూసెను.

1943లో బసుగారు ఒక్కరే మఱలి వచ్చిరి. ఐదుగురు యెక్కిన ఓడను తలచుకొనుడు. తరువాత ఆయన మఱల చైనాకు పోయి, సూదులతో చేయు అచ్చటి వైద్యమును నేర్చి, కలకత్తాలో దానిని నెలకొల్పిరి. 1986 వఱకు జీవించిరి.

ఆ బిడ్డయు చిరకాలము బ్రదుకలేదు. వైద్యవిద్య చదువుచునే 1967లో గతించెను. తల్లి 2012 వఱకు జీవించి, భర్త పుట్టిన దేశమునకు పలుమాఱులు వచ్చి పోయెను. 1962లో రెండు దేశములకును యుద్ధము జరిగెను. అయినను షిజియాజువాంగ్ పట్టణమున, బెథ్యూన్ సమాధి యున్న వనమునందే, షోలాపురపు వైద్యుని సమాధియు నేటికిని ఉన్నది. అచ్చటి జనులు దానిపై పూలుంచి పోవుచున్నారు.